చదవరాని చోటు

గోనెసంచిల చుట్టి, టీవీఎస్ ముంగట పెట్టుకొని
రైసుమిల్లు గుమాస్తా సోమనర్సయ్య తెచ్చిండు.
మిర్యాలగూడ సాగర్ రోడ్డు, మిట్టమధ్యాహ్నం,
పోయిన కరెంటు అప్పుడే వచ్చిన ఘడియ.
"మూడు కూతలు కూస్తది బిడ్డా,
ఇగ నోరు మూస్తది."

మూత ఇప్పితే తవుడు.
పంకా రెక్కల మీద తవుడు, తీగల సందుల తవుడు,
ఇరవై ఏండ్ల వడ్లన్నీ పొట్టు ఇడిసి
ఈ డబ్బాల పండుకున్నట్టు.
బ్లోయర్ పెడితే నా కొట్టంతా
ఒక్క నిమిషం కొత్తబియ్యం వాసన.

మెమరీ ముక్క పీకి
మా చెల్లె బడిసంచిలది రబ్బరు తెచ్చి
దాని బంగారు పండ్లు తోమిన.
ప్రాసెసర్ మీది పేస్టు
నిన్నటి విబూతి లెక్క పొడిపొడిగ రాలింది.
రెండు కెపాసిటర్లు పొట్టలుబ్బి ఉన్నయి,
కాల్చి తీసి కొత్తవి అతికిన.
రూపాయి బిళ్ళంత బ్యాటరీ సచ్చి ఎన్నేండ్లాయెనో,
రోజూ పొద్దుగాల ఈ పెట్టె
రెండువేల రెండు, జనవరి ఒకటినాడే కండ్లు తెరుస్తదట.
రోజూ పొద్దుగాల ఆయన దానికి
ఇయ్యాల ఏ రోజో చెప్పి పనిల పెడతడట.
"ముసలోనికి మందేసినట్టే," అన్నడు, నవ్వకుండ.

కొత్తది కొనరాదా అని నేను అడగలే.
వెనక ఆ ఎడల్పు ప్రింటర్ సందు
ఇప్పటి డబ్బాలకు లేదు.
కర్రుకర్రుమని మూడు కాపీలు కొట్టకుంటే
తూకం చీటీ లేదు.
చీటీ లేకుంటే లారీ కదలదు.

రాత్రంతా పాత డిస్కుల లెక్కలు
కొత్తదాంట్లకు ఒంపబెట్టి కూసున్న.
టిక్కు టిక్కుమని, కోడి గింజ గింజ ఏరుకున్నట్టు.
తొంభై ఏడు కాడ ఆగింది.
ఒక చోటు చదవరాదు.
ఎన్ని తీర్ల అడిగినా అదే చప్పుడు,
గొంతుల వడ్లగింజ ఇరికినోని దగ్గు.

తెల్లారి చెప్పిన:
రెండువేల తొమ్మిది, కార్తీకం,
పన్నెండు దినాల వడ్లు పోయినయి తాతా.
ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు.
"కొట్టుకో. చెప్త."

కండ్లు మూసి మొదలువెట్టిండు.
తుంగపాడు గుగులోతు లాల్‌సింగ్, అరవై రెండు, తేమ పదిహేడు.
ఆలగడప పాశం ఎంకన్న, నూట నాలుగు, రాత్రి దించినయి.
యాద్గార్‌పల్లి ఖాజా మొయినుద్దీన్, ముప్పై ఎనిమిది,
నాలుగు సంచులు చినిగినయి, మనయే ఇచ్చినం.
నా ఏళ్ళు ఆయన నోటిని అందుకోలేకపోయినయి.
చాయ్ మీద మీగడ కట్టింది.

"అవంతీపురం దుబ్బ సైదమ్మ..."
ఆగిండు.
"దాంట్ల నలభై ఒకటని ఉండె."
కొంచెంసేపటికి,
"ఆమె కాంటా కాడ నిలవడి నలభై నాలుగన్నది.
నలభై నాలుగే. నేను లెక్కవెట్టిన.
సావుకారి ఒకటి చెప్పిండు, నేను అదే కొట్టిన."

బయట లారీ ఏదో వెనకకు వస్తూ పాట పాడుతున్నది.
నేను నాలుగు పక్కన నాలుగు కొట్టి
ఎంటర్ మీద ఏలు పెట్టి ఆయన దిక్కు చూసిన.
ఆయన గోడ మీది పంచాంగం దిక్కు చూసిండు.

ఆఖర్న మొత్తం కుదరలే.
మూడు బస్తాల తేడా అని తెర ఎర్రగ మెరిసింది.
"ఒప్పుకుంటలేదు తాతా."
"ఎర్రగనే ఉండనీ."

కొత్త బ్యాటరీ ఏసి తారీఖు పెట్టిన.
ప్లగ్గు పీకి, వంద లెక్కవెట్టి, మళ్ళ పెట్టిన.
ఒక్కటే చిన్న కూత.
ఎవ్వరు చెప్పకున్నా దానికి ఇయ్యాల తెలుసు.

బిల్లు రాసిన: బ్యాటరీ నలభై, కెపాసిటర్లు అరవై,
డిస్కు పదిహేను వందలు.
పాత మెమరీ ముక్క ఒకటి నా డ్రాయర్లది, ఊకెనే ఏసిన.
తవుడు ఊడ్సిన కూలి రాయలే.

గోనెసంచి కట్టుకుంట, బండి స్టాండు తీసుకుంట,
పెదిమలు కదుపుతనే ఉన్నడు.
కిక్కు కొట్టబోయి ఆగి అడిగిండు:
"మూడు బస్తాలు, బిడ్డా...
అప్పటి రేటు కట్టాల్నా, ఇప్పటి రేటా?"