జానెడు నీళ్ళు

కాట్రేనికోన దాటాక
రోడ్డు ఉప్పు వాసనలోకి వంగే చోట
పెదపర్ర మురుగుకాలవ మీద
నాలుగు తలుపులు, నాలుగు చక్రాలు,
ఒక గ్రీజు డబ్బా, నేను.
లస్కరంటారు.
జీతం కాగితం మీద మాత్రం
పదకొండేళ్ళుగా తాత్కాలికం.

కొలబద్ద మీద ఎర్రగీత గీసింది
ఫారెస్టు ఆఫీసు నుంచి వచ్చిన హేమసుధ గారు.
మోకాలి దాకా బురదలో దిగి
పరజ మెడ ఎంత పొడుగో
నా చేతి మీదే కొలిచి చూపించింది.
"జానెడు. మించితే తుంగగడ్డ అందదు.
తగ్గితే నక్క నడిచొస్తుంది."
అప్పట్నుంచి నా ఉద్యోగం
జానెడుని జానెడుగా ఉంచడం.

తేలికనుకున్నాను, ఆయ్.
వరి రైతు గట్టు మీంచి కేకేస్తాడు,
చేను మునిగిపోతంది దించవయ్యా అని.
వలలోళ్ళు నడుం లోతు అడుగుతారు,
లేకపోతే మట్టగిడస ఎదగదంట.
రొయ్యల గుంటలవాళ్ళు ఏమీ అడగరు.
అమావాస్య పోటు రాత్రి
చక్రం పిడికి ఒక సంచీ తగిలించి పోతారు,
ఉప్పునీటికి తలుపు కాస్త ఎత్తమని.
తెల్లారేదాకా దానికేసి చూస్తూ కూచున్నాను.
నోట్లున్నాయో పీతలున్నాయో విప్పలేదు.
విప్పితే తెలిసిపోతుందని భయం,
నా గురించి.
మధ్యాహ్నానికి ఎవరో పట్టుకుపోయారు.

వేసవి ఇంకా కష్టం.
తలుపులన్నీ ఎత్తేసి
పర్ర నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాలి.
"నీళ్ళు కాయమని పెడితే పారబోస్తన్నాడు"
పంచాయతీలో పిటీషను పడింది.
ఎండితేనే గుర్రపుడెక్క చస్తుందనీ
ఆ పగుళ్ళలోనే గడ్డిగింజ మొలుస్తుందనీ
కార్తీకంలో మంచుదేశాల పిట్టలు దిగేది
ఆ గింజ కోసమేననీ చెప్పబోయాను.
సగంలో నాకే అబద్ధంలా వినపడి
ఆపేశాను.

కిందటేడు జనం చూడ్డానికి మంచె కట్టారు,
కొబ్బరి దుంగలూ పైన తాటాకూ.
మొదటిరోజు మైకు పెట్టారు.
"హలో" అన్నారంతే.
నీటికి చర్మం ఊడొచ్చినట్టు
పర్ర పర్రంతా లేచిపోయింది.
రెండ్రోజులు ఒక్క రెక్క దిగలేదు.
ఇప్పుడు మెట్ల దగ్గర బోర్డు, నా చేతిరాతే:
చెప్పులు విప్పక్కర్లేదు.
గొంతు విప్పొద్దు.

ఆదివారాలు భైరవస్వామి వస్తాడు.
ఒకప్పుడు ఉచ్చులేసి పట్టిన పరజల్ని
జతలు జతలుగా కావిడికి కట్టి
ముమ్మిడివరం సంతలో అమ్మినవాడే.
ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు.
మంచె ఎక్కి, తల పక్కకి వాల్చి,
"సూదితోకలు. ముప్పై. కాదు, ముప్పైనాలుగు" అంటాడు.
బడిపిల్లలు లెక్కపుస్తకంలో రాసుకుంటారు.
హేమసుధ గారు దుర్బిణీ దించి నోరెళ్ళబెడితే
"రెక్కల బరువు నాకు తెలీదామ్మా,
తూకానికి అమ్మినోణ్ణి" అని
కాసేపు ఇంకేం మాటాడడు.

ఈ రాత్రి పోటెక్కుతోంది.
మూడో తలుపు కింద కారుతుంటే గోనె కుక్కాను.
టార్చి వెయ్యను.
కొలబద్ద కనపడదు గనక
చెయ్యి నిలువుగా చాపి నీట్లో దించాను.
చిటికెనవేలికి బురద తగిలింది.
బొటనవేలి గోటి దగ్గర
నీళ్ళు ఆగి ఉన్నాయి.
అవతల చీకట్లో
ఎవరో మేస్తున్న చప్పుడు.