జేబు

ఎల్లుండి పరీక్ష. పుస్తకం మరాఠీది,
ప్రశ్న అమెరికాది,
నా నోరు మాత్రం సిరొంచ తెలుగుది.

మే నెల మధ్యాహ్నం, రేకుల కింద
అమ్మ తునికాకు కట్టలు కడుతోంది.
డెబ్బై ఆకులకో ముడి.
నేను పైకి చదువుతున్నాను:
బిల్లు చట్టం ఎలా అవుతుంది?

"బిల్లంటే కరెంటుదానే?"
కాదమ్మా. ఇది కట్టే బిల్లు కాదు,
పుట్టే బిల్లు.

గుమాస్తా బల్ల పక్కన చెక్కపెట్టె ఉంటుందట.
ప్రతినిధి వచ్చి కాగితం అందులో వేస్తాడట.
దానికో నంబరు పడుతుందట.
అమ్మ తలూపింది. నంబరు సంగతి ఆమెకు తెలుసు,
కల్లం దగ్గర మా కార్డు నూట పద్నాలుగు.

తర్వాత కమిటీ.
చాలా బిల్లులు అక్కడే చస్తాయి, ఎవరూ ఏడవరు.
అమ్మ ఒక ఆకును వెలుతురుకు పట్టి చూసింది.
పురుగు తొలిచిన చోట ఆకాశం కనబడింది.
పక్కన పడేసింది.
"గిట్లనా?"
గిట్లనే.

ఒక సభ దాటితే ఇంకో సభ, అక్కడ నూరుగురు.
ఒకడు లేచి మాట్లాడ్డం మొదలుపెడితే
రాత్రంతా మాట్లాడొచ్చు, బిల్లు అలిసిపోయేదాకా.
"మన మల్లుబాపు గంతే కదా,
గ్రామసభల మేకతోని మొదలువెట్టి
వాళ్ల తాత పెండ్లి దాకా పోయిండు!"
నవ్వుకి ఒళ్లో ఆకులు జారాయి.

రెండు సభల కాగితాల్లో ఒక్క మాట తేడా ఉన్నా కుదరదు.
కూర్చుని ఒకటి చెయ్యాలి.
"ప్రాణహితా గోదారీ కూడ
కలిసినంక కొంచెం దూరం రెండు రంగులే" అంది,
నార పంటితో తెంపుతూ.

ఆఖరికి అధ్యక్షుడు. సంతకం పెడితే చట్టం.
వద్దని తిప్పి పంపితే
మూడింట రెండు వంతులు కలిసి అతన్ని దాటొచ్చు.
ఏమీ అనకుండా పదిరోజులు ఊరుకున్నా చట్టమే,
ఆదివారాలు లెక్కలోకి రావు.
కానీ ఆ లోపు సభ మూసుకుని అందరూ ఇళ్లకు పోతే
కాగితం అతని జేబులోనే చచ్చిపోతుంది.
దాని పేరే జేబు వీటో.

అమ్మ చేతులు ఆగాయి.
"జేబా?"
జేబే.

పోయినేడు గ్రామసభలో
ఆకు రేటు మీద తీర్మానం రాశాం.
వేలిముద్రలు అరవై రెండు.
అమ్మది పదకొండోది, సిరా ఎక్కువై అలికినట్టు.
సాహెబు నాలుగు మడతలు పెట్టి
పైజేబులో దోపుకున్నాడు, పెన్ను వెనక.
'పాహూ యా' అన్నాడు, చూద్దామని.
వానలొచ్చాయి. ఏరు దారి మింగింది.
అతనికి బదిలీ అయిందని ఎవరో చెప్పారు.

"ఆ అంగీ ఇప్పుడు
ఏ ఊర్ల ఎవరు ఉతుకుతున్నరో" అంది అమ్మ.

నేను పేజీ తిప్పలేదు.
ఒళ్లో సగం కట్ట. లెక్క ఎక్కడ తప్పిందో
ఆమెకూ తెలియదు.
ఆకులన్నీ కిందపెట్టి
ఒకటి, అంది.