రెండో మీటరు

నల్లకుంటలో మా ఇల్లు రైలుపెట్టె
గది వెనక గది, గది వెనక గది.
ఎండ వాకిట్లో చెప్పులు విడిచి
ముందు గదిలో కాసేపు కూర్చుని
అటునుంచి అటే వెళ్లిపోయేది.
మూడో గదిలో పగలూ లైటే.

ఆ మూడో గదిలో మా సుభాషిణత్త.
గదంటే గది కాదు
ఇటు హాలుకూ అటు వంటింటికీ దారి.
మంచం కింద ఆమె రేకుపెట్టె, మంచం మీద మా స్కూలు సంచులు,
తలాపున బియ్యం డ్రమ్ము.
ఎక్స్చేంజీలో ముప్పై మూడేళ్లు
ఊరికీ ఊరికీ ట్రంకు కాల్స్ కలిపి ఇంటికొచ్చి
అందరూ పడుకున్నాక, దారి ఖాళీ అయ్యాక
నడుం వాల్చేది.

మొన్న వేసవిలో ఉల్లిగడ్డ తరుగుతూ తరుగుతూ
"మేడ మీది సామాన్ల గది నాకియ్యి అన్నా,
ఇల్లు చేస్కుంటా" అంది.
"ఇది ఇల్లు కాదా?" అన్నాడు నాన్న.
"ఇల్లే. నాకు ఎండ కావాలె."

అమ్మ మూడ్రోజులు మాట్లాడలేదు.
నాలుగో రోజు ఫోన్లో పిన్నితో
"వేరు పడుతుందట, అరవై ఏడేళ్లకు" అంది.

ఖలీల్ మేస్త్రీ వచ్చాడు.
గోడ నాడి చూసినట్టు అక్కడా ఇక్కడా తట్టి
"ధూప్ కిదర్ సే హోనా అమ్మా?" అన్నాడు.
ఆమెనెవరూ ఎన్నడూ అడగని సంగతి.
తూర్పు చూపించింది. ఆగి, దక్షిణం చూపించింది.
కొంచెం సిగ్గుపడి పడమర కూడా.
"ఉత్తరం ఏం పాపం జేసింది మరి?" అని నవ్వాడాయన.

గోడ పగలగొడితే లోపల రావిమొక్క వేరు.
బొటనవేలంత లావు,
ఇటుకల సందుల్లో ఏళ్లకేళ్లు తడుముకుంటూ
తెల్లగా, ఎండ మొఖం చూడకుండా.
"వేరు తియ్యకుంటే గోడ నిలవదు" అన్నాడు మల్లేశు.
కింద ఇసుక తట్టలు లెక్కపెడుతున్న అమ్మ
తలెత్తి చూసింది.
లెక్క మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టింది.

ఐదు నెలలు పప్పులో సిమెంటు.
పీఎఫ్ డబ్బులు ఆమెవి, సలహాలు మావి.
టైల్సంటే వద్దని షాబాదు బండలు పరిపించింది.
నేను కొన్న కర్టెన్లు మడత విప్పకుండా వాపసు ఇచ్చింది.

కరెంటాఫీసుకు నాలుగుసార్లు తిరిగాం.
"ఒకటే కుటుంబం కద, ఇంకో మీటరెందుకు?"
అడిగాడు గుమాస్తా.
"నేను చదువుకుంటుంటే ఎవరూ వచ్చి
లైటు బంద్ చెయ్యకుండ నాయనా."
ఆర్పింది ఎక్కువసార్లు నేనే.
ఫారం నింపుతున్నట్టు తల వంచుకున్నాను.

మొదటి బిల్లు నూట పన్నెండు రూపాయలు.
పగలు లైటే వెయ్యదు.

నిన్న అమ్మ కాకరకాయ పులుసు గిన్నె చేతికిచ్చి
"చల్లారకముందే ఇచ్చిరా" అంది.
మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది.
తోసుకుని వెళ్లబోయి ఆగాను.
ఆమె నిద్ర మధ్య నుంచి, జ్వరం మధ్య నుంచి,
తడి తల తుడుచుకుంటున్న ఆమె పక్క నుంచి
నలభై ఏళ్లు మంచినీళ్లకు నడిచిపోయినవాణ్ణి.
తట్టేందుకు ఏనాడైనా తలుపుంటే కదా.

గిన్నె ఎడంచేతికి మార్చుకున్నాను.
రెండుసార్లు తట్టాను.
"ఎవరూ?" అంది అత్త, తొందరేమీ లేకుండా.
పేరు చెప్పి నిలబడ్డాను.
తలుపు కింది సందులోంచి ఎండ బయటికొచ్చి
నా కాలివేళ్ల మీద పడింది.