ఉండమన్న మాట

పొదలకూరు నిమ్మకాయల యార్డు వెనక
గోతాల మీద నాలుగు కుక్కపిల్లలు.
నీ కళ్ళు ఆ తెల్లమచ్చదాని మీదే ఉండాయి, నాకు తెలుసు జిలానీ.
సైకిలు బుట్టలో మీ అమ్మ పాత దుప్పటా
మడతపెట్టి మరీ తెచ్చావు.

కూర్చో ముందు.
ఆ రాశి మీద కాదు, కాయలు నలుగుతాయి. ఇటు.

ఈ ముసల్ది వాటికి ముత్తవ్వ.
పేరు కాటా.
పదమూడేళ్ళ కిందట, తూకం కాటా కింద దొరికింది,
కళ్ళన్నా తెరవలేదు.
ఆ పూట దాని నెత్తిన నూటయాభై బస్తాలు తూగాయి.
పేరు పెట్టడానికి నాకు అర నిమిషం పట్టింది.
మిగతాదంతా ఇంకా పడతానే ఉండాది.

"కుక్కకేముంది వజ్రమ్మక్కా, ఇంత అన్నం పడేస్తే చాలు" అంటివే,
ఆ ఇంత ఎంతో విను.
కూలి దొరకని రోజు కూడా ఇంత.
ఉల్లిపాయ తగలకుండా విడిగా వండిన ఇంత.
ఆత్మకూరులో అక్క కూతురి సీమంతం,
రాత్రికి ఉండమంటే ఉండకుండా
చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆఖరి బస్సుకి పరిగెత్తా.
పిడుదులు ఏరతా కూర్చుంటే
ఎన్ని పొద్దులు గూకాయో లెక్కలేదు.

ఏటా సూది.
పశువుల ఆస్పత్రిలో గేదెలన్నీ అయినాకే మా వంతు.
చీటీ మీద కాటా అని రాసి,
యజమాని అన్నకాడ వజ్రమ్మ అని రాశాడు కాంపౌండరు.
నా పేరు పక్కన ఆ మాట చూడడం
నాకదే మొదలు.

ఒకింటాయన అడ్వాన్సు చేతిలో పెట్టి
అదా నువ్వా తేల్చుకోమన్నాడు.
ఇద్దరమూ పోతామన్నా.

ఇంకొకటి ఉండాది. ఎవరికీ చెప్పలా.

కాయకి ధర పడిపోయి
కోత కూలి కూడా గిట్టదని
చెట్టు మీదే మాగిపోనిచ్చిన ఏడు.
నాకే గంజి లేదు. దానికి ఒళ్ళంతా గజ్జి.
తెలిసినాయన ట్రక్కాటోలో ఎక్కించి
రాపూరు దాటి, ఘాటు మొదట్లో
కిలోమీటరు రాయి పక్కన దించి
"ఉండు" అన్నా.
ఆ ఒక్క మాట దానికి బాగా వచ్చు.
ఆటో తిప్పించుకుని వచ్చేశా. వెనక్కి చూడలా.
గొప్పకి చెప్పడం లేదు.

రెండు రాత్రులు.
గిన్నె కడిగి బోర్లించా, మళ్ళీ తిప్పి పెట్టా.
మూడోనాడు తొలి బస్సుకి పోయా.
లారీ కింద పడుంటదనుకున్నా.
ఎవరన్నా తీసుకపోయుంటారని
ఆశ కూడా పడ్డా, అబద్ధమెందుకు.

రాయి పక్కనే ఉండాది.
మూతికి వానగుంట బురద.
లేచి, ఒళ్ళు విదిలించి, నా కాళ్ళు వాసన చూసింది.
కరిచుంటే బాగుండేది.

కండక్టరు కుక్కని ఎక్కనియ్యలా.
ఇద్దరం పొద్దుగూకులా నడిచొచ్చాం.

ఇప్పుడు దానికి చూపు లేదు. పక్క తడుపుద్ది.
రాత్రి రెండింటికి లేపి బయటికి ఎత్తుకపోతా.
పోయిన వారం యార్డు కాటా మీదే పెట్టి చూశా,
పదకొండు కిలోలు. అంతకుముందు పదహారు.
ఆ అయిదు కిలోలు ఎటుపోయాయో
నా చేతులకే తెలియాలి, తెలియలా.

నీకిప్పుడు పదకొండేళ్ళు.
ఈ తెల్లమచ్చది ఇట్టా అయ్యేసరికి నీకు మీసాలొచ్చి,
కృష్ణపట్నం పోర్టులో రాత్రి డ్యూటీ చేసొచ్చి
నిద్ర కళ్ళతో దీని పక్క ఉతకాల.
మీ అమ్మ కాదు, నువ్వు.

ఇయ్యనని కాదురా.
రేపు ఆరింటికి రా. ఎల్లుండీ రా.
ముందు ఈ ముసల్దాని కింద గోతం మార్చు.
ముక్కు మూసుకోబాక, దానికి తెలుస్తది.
నెల తర్వాత కూడా సైకిలు బుట్టలో ఆ దుప్పటా ఉంటే
అప్పుడు మాట్లాడుకుందాం.

పోతా పోతా తెల్లమచ్చదాన్ని నిమిరితే నిమురు.
దానికి ఏమీ చెప్పబాక.
ఉండమని అసలే చెప్పబాక.