మూడో సవరణ

మన్నేట్లో మూడు చోట్ల బోరు దించాం.
పన్నెండు దించాలి.
మిగతా తొమ్మిదీ ఈ మూడింటిలాగే ఉంటాయని
రాసింది ఎవరో కాదు, నేనే.
వర్క్ ఇన్‌స్పెక్టర్ని. చేతిరాత బాగుంటుందని
అన్నీ నాచేతే రాయించేవాళ్లు.

నాలుగో స్తంభం కింద రాయి లేదు.
పదహారు మీటర్ల దాకా నల్లటి బంకమన్ను.
దించిన గొట్టాన్ని చప్పరించి మింగేసింది.
ఏరు మాతో అబద్ధమాడలేదు.
మేం అడగలేదు, అంతే.

అసలు మొదటి లెక్క ముప్పై ఒక్క కోట్లు.
ఒంగోలు ఆఫీసులో పెద్దాయన
ఆ అంకె మీద వేలు పెట్టి అన్నాడు:
"ఇంత రాస్తే ఏ సంతకమూ పడదబ్బాయ్.
ముందు పని పుట్టనీ.
పుట్టిన బిడ్డకి పాలు పొయ్యకుండా ఎవురుంటారు?"
పెన్సిలూ రబ్బరూ నా ముందుకి జరిపాడు.
పద్దెనిమిదిన్నర.
రబ్బరు పొట్టు ఊదేశాను.

అప్రోచ్ రోడ్డుకి మాలకొండయ్య తోట అడ్డం.
సర్వే రోజున మోకాలెత్తు మామిడి మొక్కలు, నూట నలభై.
మొక్కకి ఇంతని కట్టాం. ఆయన కోర్టుకి పోయాడు.
వాయిదాకీ వాయిదాకీ మధ్య అవి పెరిగాయి,
పూశాయి, కాశాయి,
ఉలవపాడు రోడ్డు మీద గంపల్లో అమ్ముడుపోయాయి.
తీర్పొచ్చేనాటికి అది మొక్క కాదు, చెట్టు.
చెట్టు రేటు వేరు.
కబురు చెప్పబోతే నాలుగు పళ్లు కోసిపెట్టి
"మీ ఆలీసమే నా తోటకి ఎరువు సామీ" అన్నాడు.
తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.

మొదటి కాంట్రాక్టరు మునిగిపోయాడు.
రెండోవాడు బిల్లు రాలేదని
రాత్రికి రాత్రి మిక్సరు లాక్కుపోయాడు.
ఉప్పుగాలికి చువ్వలు ఎర్రబారాయి.
వానకి గట్టిపడ్డ సిమెంటు బస్తాలు
సుభానీ టీకొట్టు ముందు బెంచీలయ్యాయి.
ఇప్పటిదాకా ఆ వంతెనలో
జనానికి పనికొచ్చిన భాగం అదొక్కటే.

ఆ మధ్య కందుకూరు
ప్రకాశంలోంచి నెల్లూరులోకి మారింది.
జిల్లా గట్టు దాటేసింది, వంతెన లేకుండానే.
ఫైళ్లు లారీ ఎక్కాయి.
బోరు కాగితాల కట్ట ఒంగోల్లోనే దిగబడింది.
నెల్లూరు వాళ్లు మర్యాదగా ఉత్తరం రాశారు:
కింద రాయి ఉన్నదా, లేదా?

మూడో సవరణ, డెబ్భై నాలుగు కోట్లు.
పేపరు వాళ్లు దొంగలన్నారు.
దొంగలు లేరనను; వాళ్ల ఇళ్లూ నాకు తెలుసు.
కానీ ఆ తేడాలో పెద్ద వాటా
ఒంగోల్లో ఆ మధ్యాహ్నం
నేను ఊదేసిన పొట్టు.

మొన్న పాలేటి మీద ఇంకో వంతెనకి అంచనా.
కొత్త ఏఈ సునంద ల్యాప్‌టాప్ తెరిచింది.
"ఎన్ని బోర్లు వేద్దాం సార్?"
"పద్నాలుగు."
కొట్టింది. అంకె తెర మీద నిలబడింది.
ఇంతలో ఫోను.
"సరే సార్... సరే... అర్థమైంది సార్."
నావైపు చూడకుండా
ఒక్క మీట నొక్కింది.

ఊదడానికి
పొట్టు కూడా లేదు.