బెల్లం పట్టని నెత్తురు

చెంగమ్మకు బెల్లం తినమని చెప్పినోళ్లు
నాకు తెలిసే ముగ్గురు.
ఏఎన్ఎమ్మొకరు, కాంపౌండరొకడు,
పోయినేడు నేను.

ఆమె నవ్వింది.
"నలభై ఏండ్లుగా మండీలో దిమ్మెలు మోస్తాండా మేడమా.
చేతులు నాకినా ఒంటికి పట్టాల గదా!"

చిత్తూరు పెద్దాసుపత్రి, రక్తపరీక్షల గది.
మొహాలు నాకు గుర్తుండవు, గొట్టాల నంబర్లు ఉంటాయి.
నూటపద్నాలుగు, ఊదా మూత, ఆమెది.
మిషను చీటీ ఉమ్మింది:
హిమోగ్లోబిన్ పది.
కణం సైజు అరవై నాలుగు. ఎనభై దాటాల.
కణాల లెక్క మాత్రం యాభై ఎనిమిది లక్షలు!

రక్తం చాలనోళ్లకు కణాలూ చాలవనుకుంటాం.
ఈమె లోపల చూడబోతే
సంతనాటి పుంగనూరు బస్సు మాదిరి
చిన్నచిన్నోళ్లంతా కిక్కిరిసి ఉండారు.

చుక్కను అద్దం మీద లాగి, ఆరబెట్టి, రంగేసి
కన్ను ఆనించినా.
రంగు వెలిసిన గాజుల మాదిరి కణాలు.
కొన్ని నడిమధ్యన బొట్టు పెట్టుకోనుండాయి.
ఇనుము కరువులో ఇన్ని బొట్లు నేనెప్పుడూ చూళ్లా.

కొత్త డాక్టరమ్మ తబస్సుమ్
రాత్రి చదివింది పొద్దున చెప్పకుండా ఉండలేదు.
"సముద్రాలవతల స్పానిష్ మాట్లాడే జనంలో
వేలమంది నెత్తురు కొలిచినారంట హంసక్కా.
కణం ఎంత, ఎన్ని, ఎంత ఎరుపు,
ఒక్కో కొలత వెనక ఎవరో ఒక ముత్తాత.
ఆఫ్రికా ఆయన, ఐరోపా ఆయన, ఆ మట్టిలోనే పుట్టినాయన,
అందరిదీ ఒకే సిరలో కాపురం."

వాళ్లెవరో నాకు తెలీదు.
టమోటా మాత్రం వాళ్ల దిక్కునించే వచ్చిందని విన్నా.
ధర పడిపోతే వి.కోట రోడ్డున పారబోసే ఆ ఎరుపు
అంత దూరం నించి వచ్చి
మా పులుసులో మాదైపోయింది.
మరి ఈ బొట్టు కణాలు
ఏ దారిన నడిచి చెంగమ్మ దాకా వచ్చినాయో.

ఎర్రకణం వింత బిడ్డ.
ఎముక మూలుగలోంచి బయటపడే ముందే
వంశం రాసిచ్చిన పత్రాన్ని
కడుపులోంచి తీసి పారేస్తుంది.
ఆపైన నూటిరవై రోజుల తిరుగుడు.
పత్రం లేదు, అందులో రాసిన కొలత మాత్రం
ఒంటిమీద చొక్కా మాదిరి ఉండనే ఉంటుంది.
మా నాయన చేని పత్రాలు కుదువ పెట్టి పోగొట్టినాడు.
ఆయన వంకర చిటికెనవేలు
నా చేతికుంది, ఎవుడూ జప్తు చెయ్యలా.

తిరుపతికి పంపిన పరీక్ష తిరిగొచ్చింది.
"రోగం కాదమ్మా, మీ వంశపు గుణం. తలసీమియా అంటారు, నీది తేలిక రకం.
చలిజ్వరాలు ఊళ్లను ఊడ్చిన కాలంలో
మీ పెద్దోళ్లను ఈ చిన్న కణాలే కాచినాయేమో."

"మా యమ్మా ఇట్నే తెల్లగుండె. ఎనభై ఏండ్లు బతికె," అనింది చెంగమ్మ.
కొంచేపాగి,
"అయితే నేను మింగిన ఇనుపమాత్రలన్నీ
యాడికి పాయె మేడమా?"
నేను గొట్టాలు సర్దుకున్నా.

పోతా పోతా చెప్పింది,
మనవరాలు లోకేశ్వరిని మేనమామ కొడుక్కే ఇస్తాండామని,
ఆషాఢం పోతానే ముహూర్తమని.
తబస్సుమ్ పెన్ను కింద పెట్టింది.
ఒకరికుంటే ఏమీ కాదు.
ఇద్దరికీ ఉంటే మాత్రం,
పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు భయం,
నెలనెలా పరాయి నెత్తురు ఎక్కించుకునే బతుకు.
"శాపం కాదమ్మా, లెక్క. ఇద్దర్నీ పిల్చుకోని రా."
చెంగమ్మ కొంగుముడి విప్పి
బెల్లంముక్క ఒకటి నా బల్లమీద పెట్టి
మాట్లాడకుండా పోయింది.

సోమవారం వచ్చినారు.
సూది చూసి అబ్బోడు గోడతట్టు తిరుక్కున్నాడు.
వాడిది ఎనభై ఎనిమిది, ఆమెది అరవై ఐదు.
మిషను మాటొక్కటే చాలదని
తబస్సుమ్ రెండు గొట్టాలూ తిరుపతికి రాసింది.

లోకేశ్వరి చీటీని రెండుసార్లు చదివింది.
"అవ్వది ఎంత?"
అరవై నాలుగు, అన్నా.
"ఒక్కటి ఎక్కువే నాది," అని
మడిచి పర్సులో పెట్టుకునింది,
పదో తరగతి మార్కుల మాదిరి.