రెండడుగుల గోడ

ప్రొద్దుటూరు అంగట్లో ఆ పిల్లోడు
పెట్టె మూత తీసి చూపించినాడు.
కొత్త రూటరు. ఎనిమిది కొమ్ములు.
ఎల్లకిలా పడిన ఎండ్రకాయ మాదిరి ఉంది.
"ఆరు పాతదైపోయిందక్కా, ఇప్పుడంతా ఏడు" అన్నాడు.
మా ఇంట్లో ఉండేది ఎన్నోదో నాకు తెలీదు.
"రెండు కొమ్ములది" అన్నాను.
వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండు.

తొమ్మిది వేలు.
బస్సులో ఎర్రగుంట్ల దాకా
ఆ తొమ్మిదిని విరిచి విరిచి చూసుకున్నా.
కూలరుకు మోటారు, షాహీనా పరీక్ష ఫీజు,
ఇంకా మిగిలేది...
ఎప్పుడు మిగిలింది గనక.

మాది బండల మిద్దె.
మామ వాళ్ళ నాయన గనిలో కూలికి బదులు
బండలే అడిగి తెచ్చుకుని కట్టిన గోడలు.
రెండడుగుల మందం.
మే నెల ఎండే లోపలికి రావాలంటే
పొద్దు వాలేదాకా బతిమాలుకోవాల,
సిగ్నలు ఎంతటిది?
నడవలో నాలుగు గీతలు. వంటింట్లో ఒకటి.
వెనకింట్లో షాహీనా క్లాసు వింటుంటే
సారు నోరు తెరిచి అట్లే ఉండిపోతాడు,
మొగం మీద సున్నా తిరుగుతా ఉంటుంది.
పాలిషింగు ఫ్యాక్టరీ బిల్లులు పంపాలంటే
లాప్‌టాపును చంకనేసుకుని
నిద్రపోని బిడ్డను తిప్పినట్టు
ఇల్లంతా తిరుగుతాను నేను.

"కొందాం" అనింది షాహీనా.
"కొందాంలే" అన్నాడు హుసేనప్ప.
ఆ 'లే' ఎంత బరువో పెండ్లయిన రోజు నుంచీ తెలుసు.
అత్త ఒకటే అడిగింది: "పాతది సచ్చిందా?"
చావలేదు.
బండల దుమ్ము పడకుండా నేను కప్పిన
పాత రవిక గుడ్డ కింద
పచ్చ లైటు ఆర్పుకుంటా, ఎలిగించుకుంటా
దాని పని అది చేస్తానే ఉంది.

బిల్లుకొచ్చిన కేబుల్ మస్తాన్ని అడిగినా.
మస్తాను అమ్మేవాడు కాదు, నిచ్చెన మోసేవాడు.
గోడను అరచేత్తో తట్టి చూసినాడు,
బర్రె వీపు తట్టినట్టు.
"కొత్తదానికి దూకుడెక్కువ వదినా,
గోడ దాటే ఓపిక తక్కువ.
అయినా మీకొచ్చేదే నలభై.
బోరులో అంగుళం నీళ్ళుంటే
నాలుగంగుళాల పైపేసి ఏం తోడతారు?"

ఆ మాట నాకెక్కింది.
మా చేన్లో మూడు బోర్లు ఎండిపోయినాయి.
పైపుల అప్పు మాత్రం ఎండలేదు.

ఆదివారం ఫ్యాక్టరీ డ్రిల్లు తెచ్చినాడు హుసేనప్ప.
గంటన్నర.
ఇంటికంతా బూడిదరంగు పిండి,
అన్నం మీద, రెప్పల మీద, అత్త తస్బీ మీద.
"మామ ఉండింటే ఈపొద్దు మీ ఈపులు పగులు" అంటానే
చీపురు పట్టుకుని నిలబడింది ఆమె.

మెషిను ఆగింది.
వైరు పట్టేంత బెజ్జం.
దాంట్లోంచి పుల్లంత వెలుతురు
వెనకింటి నేల మీద పడి, నిలవలేక వణికింది.
షాహీనా పోయి కన్ను పెట్టింది.
అటుపక్క ఇంకో కన్ను.
"ఎవురది?" అని గట్టిగా అడిగింది అత్త,
సొంతింట్లో, సొంత మనవరాలిని.
ఆ నవ్వు ఆగినాకే వైరు దూర్చినాం.

పాత రూటరు ఇప్పుడు వెనకింట్లో ఉంది.
సారు నోరు మూసి తెరుస్తున్నాడు.
నా బిల్లులు కూర్చున్న చోటి నుంచే పోతున్నాయి.
నడవలో మాత్రం ఒకటే గీత.

రాత్రి ఫోను పట్టుకుని వచ్చినాడు హుసేనప్ప.
కోడిపందెం వీడియో, కోడి గాల్లోనే నిలబడిపోయింది.
"అది... ఏడోది... తొమ్మిదివేలేనా?"
"పీర్ల పండగ కానీలే" అన్నాను.

ఆయన కాసేపు నిలబడి
కుర్చీని బెజ్జం పక్కకు లాక్కున్నాడు.